కొండవీటి చాంతాడు పట్టుకుని



రేషన్ దుకాణం ముందు వరస, బ్యాంకు కౌంటరు ముందు వరస, సంక్రాంతికి ముందు రైలు టికెట్ల వరస. వీటిలో ఏది కాస్త సాగినా తెలుగువాళ్ళ నోట ఒక ఊరి పేరు వస్తుంది. "ఏమిటిది, కొండవీటి చాంతాడంత ఉంది!" అంటారు. అన్నవాళ్ళు కొండవీడు చూసి ఉండనక్కర్లేదు. చాంతాడు కూడా చూసి ఉండకపోవచ్చు. ఇంటింటికీ బోరు మోటార్లు వచ్చాక గిలకలూ, బొక్కెనలూ అటకెక్కాయి. నీళ్ళు చేదే తాడు చేంతాడు, అదే వాడుకలో చాంతాడు అయింది. కొండవీటి బావుల్లో నీళ్ళు బాగా లోతున ఉండేవనీ, అందుకే అక్కడి తాడుకు అంత పొడవనీ పెద్దవాళ్ళు ఈ మాటకు అర్థం చెబుతారు. ఆ కొండ మీద ఇప్పుడు నీళ్ళు చేదేవాళ్ళు లేరు. ఊరు కొండ దిగి కొన్ని తరాలు గడిచాయి. తాడు మాత్రం మాటలో మిగిలింది.

సినిమావాళ్ళూ ఆ పేరును వదల్లేదు. 1981లో కొండవీటి సింహం, 1986లో కొండవీటి రాజా, 1990లో కొండవీటి దొంగ. ఇందులో రాజులు మాత్రం ఆ కొండ మీద నిజంగానే ఉండేవారు.

కొండవీడు పల్నాడు జిల్లా యడ్లపాడు మండలంలో ఉంది. గుంటూరు నుంచి పాతిక కిలోమీటర్ల పైచిలుకు దూరం. ఫిరంగిపురం వైపు నుంచీ వెళ్ళవచ్చు, చిలకలూరిపేట దారి నుంచీ వెళ్ళవచ్చు. పత్తి చేలూ మిరప తోటలూ పరుచుకున్న బల్లపరుపు నేల మీద ఉన్నట్టుండి ఒక కొండల వరస లేస్తుంది. దాని ఎత్తైన శిఖరం సముద్రమట్టానికి దాదాపు 1,700 అడుగులు. శేషాచలం చూసినవాళ్ళకు ఇదొక లెక్కలోది కాదు. కానీ కృష్ణకూ గుండ్లకమ్మకూ నడుమ ఉన్న ఈ మైదానంలో ఆ మాత్రం ఎత్తే నలుదిక్కులా వచ్చేపోయేవాళ్ళను కనిపెట్టడానికి చాలు. పద్నాలుగో శతాబ్దంలో అనవోతారెడ్డికి కావలసిందీ అదే.

ఆయన తండ్రి ప్రోలయ వేమారెడ్డి రాజధాని అద్దంకి. 1323లో ఓరుగల్లు కూలిపోయాక తీరాంధ్రలో తలెత్తిన రెడ్ల రాజ్యం అది. 1353లో గద్దెనెక్కిన అనవోతారెడ్డి రాజధానిని అద్దంకి నుంచి ఈ కొండకు మార్చాడు. అక్కడి నుంచి 1424 దాకా, అంటే డెబ్భై ఏళ్ళ పాటు, కొండవీడు రాజధాని. ఇంతే. తెలుగువాళ్ళ జ్ఞాపకంలో అది ఆక్రమించిన చోటుతో పోలిస్తే, ఒక నిండు మనిషి ఆయుష్షంత కాలం.

కొండ ఎక్కడానికి ఇప్పుడు రెండు దారులు. కొత్తగా వేసిన ఘాట్ రోడ్డు మీద కార్లు పైదాకా వెళ్తాయి. పాత మెట్లదారి కొండవీడు గ్రామం వైపు నుంచి లేస్తుంది. ఘాట్ రోడ్డు మీద వచ్చినవాళ్ళకు వ్యూపాయింటు దొరుకుతుంది, ఫోటో దొరుకుతుంది. కోట ఎందుకు కోట అయిందో తెలియాలంటే మాత్రం మెట్లే ఎక్కాలి. ఏ మలుపు దగ్గర ఊపిరి ఆడక మనిషి ఆగుతాడో, పైనుంచి రాయి దొర్లించేవాడికి ఆ మలుపే కావాలి. మోటారు వాహనం ఎక్కిన మనిషికి ఈ లెక్క ఎప్పటికీ అందదు.

మెట్లు మొదలుకాక ముందే, కింద ఊళ్ళోనే, ఆగి చూడవలసిన కట్టడం ఒకటుంది. గోపీనాథస్వామి ఆలయం. జనం దాన్ని కత్తుల బావి అంటారు. శ్రీకృష్ణదేవరాయలు రెడ్డి దొరలను విందుకని పిలిచి, ఒక్కొక్కరినే లోపలికి రప్పించి, కత్తులు నాటిన బావిలోకి తోయించాడని కథ. చెప్పేవాళ్ళు ఎంత నమ్మకంగా చెబుతారంటే, వినేవాళ్ళు బావిలోకి తొంగిచూడకుండా ఉండలేరు. కథ గొప్పదే, కాలమే కుదరదు. కృష్ణరాయలు ఈ కోటను పట్టింది 1515 జూన్‌లో. రెడ్ల ఏలుబడి అప్పటికి తొంభై ఏళ్ళ కిందటే ముగిసింది. రాయలు గెలిచింది రెడ్లను కాదు, కటకం గజపతులను. ప్రతాపరుద్ర గజపతి కొడుకు వీరభద్రుడు పట్టుబడింది ఇక్కడే. గెలిచిన కోటను తిమ్మరుసు మేనల్లుడు నాదెండ్ల గోపమంత్రి చేతిలో పెట్టారు. ఆయన పాలకుడే కాదు, ప్రబోధచంద్రోదయ నాటకానికి వ్యాఖ్య రాసిన పండితుడు కూడా. ఈ సంగతులు శాసనాల్లో, గ్రంథాల్లో ఉన్నాయి. కత్తులు మాత్రం కథలోనే ఉన్నాయి.

ఇలాంటిదే వేమన సంగతి. వేమన కొండవీటి రాజుగారి తమ్ముడని ఇప్పటికీ చెప్పేవాళ్ళున్నారు. 1947లో నాగయ్య నటించిన యోగి వేమన సినిమా ఆ మాటకు మరింత బలం ఇచ్చింది. పండితుల్లో ఎక్కువమంది వేమనను పదిహేడో శతాబ్దం వాడంటారు. పాడుబడిన ఊరికి ఇదొక లక్షణం. గోడలు కూలినకొద్దీ కథలు లేస్తాయి.

మెట్లు ఎక్కుతున్నవాళ్ళకు ఇరువైపులా సీతాఫలం చెట్లు. కొండవీటి సీతాఫలాలకు గుంటూరు సీమలో పేరుంది. వానలు వెనకపట్టే కాలంలో వెళ్తే దారి పొడవునా కాయలే. ఈ చెట్టు పుట్టిల్లు అమెరికా ఖండం, మన దేశానికి యూరపువాళ్ళ ఓడల తర్వాతే వచ్చిందని సాధారణంగా చెప్పే మాట. అంటే అనవోతారెడ్డి సైనికులు ఈ మెట్ల మీద కూర్చుని సీతాఫలం తిని ఉండరు. రాజులు దిగిపోయాక ఎక్కిన చెట్టు అది. ఇప్పుడు కొండను ఏలుతున్నది అదే.

పైకి చేరాక దర్వాజాలు వస్తాయి. కొలేపల్లి దర్వాజా, నాదెళ్ళ దర్వాజా. రాళ్ళు రెడ్డిరాజుల నాటివీ ఆ తర్వాతివీ కలిసి ఉంటే, ద్వారాన్ని పిలిచే మాట మాత్రం తర్వాత ఏలిన గోలకొండ వాళ్ళ వెంట వచ్చింది. బురుజుల పేర్లూ అంతే. నెమళ్ళ బురుజు, జెట్టి బురుజు, తారా బురుజు అని మూడు భాషల రుచి కలిసిపోయింది. మొత్తం 21 బురుజులని చెప్పుకునే లెక్క. కొండకొమ్ముల మీదుగా గోడ ఎక్కుతూ దిగుతూ పోతుంది. శిఖరాల నడుమ పళ్ళెంలా ఉన్న పల్లంలో ఉండేది అసలు ఊరు. ధాన్యం, నెయ్యి, నూనె నిలవ చేసిన కొట్లని చూపే గదులు, గుళ్ళు, మంటపాలు, మసీదు, పొదల్లో మునిగిన పునాదులు అక్కడే కనిపిస్తాయి.

ఇక్కడే ఆ చాంతాడు ముడి మళ్ళీ చేతికి తగులుతుంది. నీళ్ళు అంత లోతున ఉన్న చోటైతే, కొండ మీద ఇంతమంది ఎలా బతికారు?

జవాబు పల్లంలోనే ఉంది. ముత్యాలమ్మ చెరువు, పుట్టాలమ్మ చెరువు, వెదుళ్ళ చెరువు అని మూడు చెరువులు. శిఖరాల మీద పడ్డ ప్రతి చినుకూ జారి ఈ పళ్ళెంలోకే రావాలి. ఒక చెరువు నిండితే అలుగు పారి మరొకదాన్ని నింపుతుంది. పైన నదీ లేదు, ఊటా నమ్మకం కాదు. వానాకాలంలో పట్టుకున్న నీళ్ళే ఏడాది పొడవునా ఆధారం. ఇప్పుడు వాననీటి సంరక్షణ అని గోడల మీద రాసుకునేదాన్ని అప్పటివాళ్ళు రాయి కట్టి చేశారు. కోటను ముట్టడించేవాడికి కావలసింది గోడ బద్దలుకొట్టడం కాదు, చెరువు ఎండేదాకా ఓపిక పట్టడం. తలుపుల కన్నా చెరువుగట్టునే ఎక్కువ జాగ్రత్తగా కాచుకున్నారేమో అనిపిస్తుంది.

కొండ కింద కూడా ఆ రాజకుటుంబానికి నీళ్ళ ధ్యాసే. ఆ వంశపు రాజు పెదకోమటి వేమారెడ్డి భార్య సూరమాంబ సంతానసాగరమనే చెరువు తవ్వించింది. ఆ సంగతి చెప్పే ఫిరంగిపురం శాసనం 1409 నాటిది. దాని పద్యాలు అల్లినవాడు ఆ ఆస్థానంలో విద్యాధికారిగా ఉన్న శ్రీనాథుడు. ఆ చెరువుకు నీళ్ళు తెచ్చేందుకు యువరాజు రాచవేముడు జగనొబ్బగండ కాలువ తవ్వించాడని 1415 నాటి అమీనాబాద్ శాసనం చెబుతుంది. రాణి చెరువు, కొడుకు కాలువ, నడుమ కవి సంతకం. ఇదే శ్రీనాథుడు పల్నాటి దాహం తట్టుకోలేక, గంగను వదిలిపెట్టమని పరమేశ్వరుడితోనే పేచీకి దిగాడని అతని పేర వాడుకలో ఉన్న చాటువు చెబుతుంది. నీళ్ళ విలువ తెలిసిన సీమలో తిరిగిన కవి.

ఇంత కరువు కొండ మీద ఎంత వైభవం నడిచిందో వింటే నవ్వొస్తుంది. అనవోతారెడ్డి మోటుపల్లి రేవులో 1358లో శాసనం వేయించాడు. ఓడల్లో వచ్చే వర్తకులకు అభయం ఇచ్చే శాసనం అది. వారసులు లేకుండా చనిపోయిన వర్తకుడి సొత్తును రాజు జప్తు చేసుకోడని అందులో హామీ. బంగారం, వెండి మీద సుంకం ఎత్తివేత. పక్క రేవుకు పోయే ఓడను తన రేవుకు తిప్పుకోవడానికి ఏం చెయ్యాలో తెలిసిన ప్రభువు. ఆ రేవు నుంచి సరుకు కొండకు చేరేది. ఆ వర్తకుల్లో పెద్ద చెయ్యి అవచి తిప్పయసెట్టిది. శ్రీనాథుడు హరవిలాసాన్ని అంకితమిచ్చింది అతనికే. హురుముంజి నుంచి గుర్రాలు, సింహళం నుంచి ఏనుగులు, చీనా నుంచి పట్టుబట్టలు, తూర్పు దీవుల నుంచి కర్పూరం తెప్పించేవాడని అందులో వర్ణన.

ఆ కర్పూరమంతా ఏమయ్యేది? వసంతోత్సవాల్లో చల్లేవారు. 1386 నుంచి 1402 దాకా ఏలిన కుమారగిరిరెడ్డికి కర్పూర వసంతరాయలన్న బిరుదు అందుకే వచ్చింది. ఆయన ఆస్థాన నర్తకి లకుమ. ఈ ఇద్దరి కథనే సి. నారాయణరెడ్డి 1957లో కర్పూర వసంతరాయలు కావ్యంగా రాశారు. రాజు వసంతాలాడుతుంటే రాజ్యం చూసింది బావమరిది కాటయవేముడు. అతనికి తీరిక ఎలా దొరికిందో గానీ, కాళిదాసు మూడు నాటకాలకూ వ్యాఖ్యానం రాసి, దానికి రాజు పేరే పెట్టి కుమారగిరిరాజీయం అన్నాడు. కావ్యం చదివి కొండ ఎక్కినవాళ్ళు లకుమ ఆడిన మంటపం ఏదని వెతుకుతారు. ఏదో ఒకటి చూపించేవాళ్ళూ దొరుకుతారు. నమ్మకపోయినా నష్టం లేదు. గుర్రాలు హురుముంజి నుంచి వచ్చి ఈ రాళ్ళ దారిలో పైకి ఎలా నడిచాయో ఊహించడమే ఎక్కువ ఆశ్చర్యం.

వైభవం ఎంత వేగంగా ఎక్కిందో అంత వేగంగా దిగింది. చివరి రాజు రాచవేముడు. కాలువ తవ్వించిన యువరాజు ఇతనే. రాజయ్యాక పురిటి పన్ను వేశాడనీ, బిడ్డ పుడితే పన్ను కట్టవలసి వచ్చిన ఒక సైనికుడు ఓర్చుకోలేక అతణ్ణి పొడిచేశాడనీ స్థానిక కథ. పన్ను సంగతి పక్కన పెడితే, 1424తో రెడ్ల కొండవీడు ముగిసిందన్నది చరిత్ర. తర్వాత విజయనగరం, 1454లో గజపతులు, 1515లో మళ్ళీ విజయనగరం, 1579లో గోలకొండ. గోలకొండవాళ్ళు పేరు కూడా మార్చి ముర్తజానగరం అన్నారు. కాగితాల మీద ఆ పేరు ఇంగ్లీషువాళ్ళ కాలం దాకా నిలిచింది. నోటి మీద ఒక్కనాడూ నిలవలేదు.

రాచవేముడితో పాటు శ్రీనాథుడి దశా తిరిగింది. విద్యాధికారం పోయింది. కొన్నాళ్ళు రాజమహేంద్రవరంలో వీరభద్రారెడ్డి ఆదరణ దొరికింది. చివరికి కృష్ణ ఒడ్డున బొడ్డుపల్లెలో పొలం గుత్తకు తీసుకుని, పంట వరదపాలై, శిస్తు కట్టలేక శిక్ష అనుభవించాడని సంప్రదాయం. నీళ్ళు లేని కొండ మీద కనకం చూసిన కవిని నీళ్ళున్న ఒడ్డు ముంచింది.

ఇంతకీ ఈ పట్టణాన్ని ఎవరు ఖాళీ చేశారు? ఎవరూ చెయ్యలేదు. ధనుష్కోడిలాగా 1964 డిసెంబరులో ఒక రాత్రి తుపాను వచ్చి తుడిచిపెట్టిన ఊరు కాదు ఇది. భూకంపం లేదు, మహమ్మారి లేదు. కొండ మీద బతకడానికి ఉన్న కారణాలు ఒక్కొక్కటే సడలాయి. శత్రువు కింద ఉన్నప్పుడు కొండ లాభం. ఫిరంగుల కాలం వచ్చి, పాలనంటే యుద్ధం కన్నా శిస్తు వసూలుగా మారాక, రైతులున్న చోటే కచేరీ ఉండాలి. కరణం కట్టలు మోసుకుని కొండ ఎక్కడు. 1752లో ఈ సీమ ఫ్రెంచివాళ్ళ చేతికి వచ్చింది. వాళ్ళు మకాం మైదానంలోని గుంటూరుకు మార్చారు. 1788లో ఇంగ్లీషువాళ్ళు వచ్చేసరికి గుంటూరే ఊరు, కొండవీడు గుర్తు. కొన్నాళ్ళు దొరలు ఎండాకాలం విడిదికి పైకి వెళ్ళేవారు. తర్వాత వాళ్ళూ మానేశారు. గుంటూరు నగరం ఒక రకంగా కొండ దిగి వచ్చిన కొండవీడే. గుంటూరులో ఈ మాట చెబితే ఒప్పుకునేవాళ్ళు తక్కువే.

ఊరు దిగిపోయినా లెక్కలు పోలేదు. కరణాలు రాసిన కొండవీటి దండకవిలె అనే రికార్డు కల్నల్ కాలిన్ మెకంజీ సేకరణలో చేరింది. ఈయన తర్వాత 1815లో భారతదేశానికి మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. మెకంజీ మనుషులు ఊరూరా తిరిగి కైఫీయతులు, అంటే ఊళ్ళ చరిత్రలు, రాయించుకోకపోయి ఉంటే పురిటి పన్ను కథ దగ్గర్నుంచి గుళ్ళ మాన్యాల దాకా సగం సంగతులు మనకు దక్కేవి కావు. ఆ కాగితాల్లో చరిత్ర ఎంత, పుక్కిటి పురాణం ఎంత అన్న తగువు తీరలేదు. తీరకపోయినా వాటిని చదవడం సరదాగానే ఉంటుంది.

పైన తిరుగుతున్నవాళ్ళకు మనసు చివుక్కుమనిపించేది ఒకటుంది. మంటపాల్లో, గుళ్ళలో గడపల కింద తవ్విన గోతులు. గుప్తనిధుల వేట అది. రెడ్డిరాజులకు పరుసవేది దొరికిందని, దానితోనే రాజ్యం కట్టారని ఒక కథ ఉంది కదా, ఆ కథ ఇంకా ప్రాణం తీస్తూనే ఉంది, మనుషులది కాకపోయినా రాళ్ళది. ఆరు వందల ఏళ్ళ ఎండవానలకు ఆగిన గడప ఒక రాత్రి గునపానికి ఆగదు. దొరికేది మట్టి. పోయేది శాసనమో శిల్పమో.

సాయంత్రం తారా బురుజు లాంటి ఎత్తైన చోట నిలబడితే కింద చేలు గళ్ళ దుప్పటిలా కనిపిస్తాయి. ఆ కొండల్లోనే పుడుతుంది కొండవీటి వాగు. తాడికొండ, తుళ్ళూరు మీదుగా పారి ఉండవల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. వేసవిలో దాన్ని వాగు అనడానికి కూడా మొహమాటపడాలి. భారీ వానలు కురిసి, అదే సమయంలో కృష్ణ నిండుగా ఉంటే, వాగు నీళ్ళు నదిలోకి దూరలేక వెనక్కి తన్ని ఊళ్ళనూ పొలాలనూ ముంచుతాయి. అమరావతి రాజధాని ప్రాంతం ఆ దారిలోనే పడింది. అందుకని 2018లో ఉండవల్లి దగ్గర ఎత్తిపోతల పథకం ప్రారంభించారు. సెకనుకు 5,000 ఘనపుటడుగుల నీళ్ళు తోడి కృష్ణలో పోసే పంపులవి. నీళ్ళ కోసం పొడవాటి తాడు పేనిన పాత రాజధాని నుంచి దిగివచ్చే నీళ్ళను, కొత్త రాజధాని మోటార్లు పెట్టి తోడిపోసుకుంటోంది.

కొండవీడు వెళ్ళాలనుకునే శ్రోతలకు రెండు మాటలు. ఎండాకాలం వద్దు. వానలు తగ్గాక, సీతాఫలం కాయ కన్ను విప్పే రోజుల్లో, తెల్లవారకముందే మెట్లదారి పట్టండి. చెరువులు అప్పుడు నిండుగా ఉంటాయి, అలుగు పారితే అదృష్టం. ఒంటరిగా పొదల్లోకి దిగకండి, గోడల అంచులు పట్టుకుని వేలాడకండి, గడపల కింద ఏముందో చూడాలని మాత్రం అనిపించనివ్వకండి. దిగేటప్పుడు గోపీనాథస్వామి గుడి దగ్గర కత్తుల బావి కథ చెప్పేవాళ్ళు దొరికితే అడ్డం పడకుండా వినండి, లెక్కలు తర్వాత చూసుకోవచ్చు. తాగే నీళ్ళు మాత్రం కిందే నింపుకుని ఎక్కండి. పైన చాంతాడు లేదు.